మూడో బోల్టు

మామగారి పాత కారు వీధి మొదట్లో ఉండగానే ఇంట్లో అందరికీ వినబడింది. పదిహేను రోజులుగా దాని గొంతు మారిపోయింది. స్టార్టు చేస్తే చాలు, పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు. ఆ ఆదివారం కూతుళ్లిద్దరూ అల్లుళ్లతో సహా భోజనానికి వచ్చారు. తిన్న చెయ్యి ఆరకముందే పెద్దల్లుడు చొక్కా విప్పి, షెడ్డులో కారు కిందికి దూరి, రెండు నిమిషాల్లో బయటికి వచ్చాడు.

పెద్దల్లుణ్ణి అందరూ మేస్త్రి అంటారు. బస్సుల వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్న మనిషి. జబ్బెక్కడుందో చెవితో విని చెప్పగలడు.

“ఇంజను దగ్గర సైలెన్సర్ గొట్టం కలిసేచోట ప్యాకింగు కాలిపోయింది మామయ్యగారూ. అక్కడ మూడు బోల్టులున్నాయి. మూడూ తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. అవి ఊడొస్తే మిగతా పని అరగంట.”

మామగారు గడ్డం గోక్కుని, “సరేనయ్యా. చిన్నల్లుణ్ణి కూడా ఒకమాట అడుగుదాం” అన్నాడు.

మేస్త్రికి ఒళ్లు మండింది. చిన్నల్లుడు మందుల షాపు నడుపుతాడు. దగ్గుమందు అమ్మేవాడికి సైలెన్సర్ సంగతి ఏం తెలుసని అడగడం?

కానీ ఆ ఇంట్లో మూడేళ్లుగా అదే వరస. మామగారు డ్రాయింగు మాస్టరుగా రిటైరయ్యాడు. ఏ గీతా వంకర పోకూడదు ఆయనకి. చిన్నల్లుడు వచ్చిన కొత్తలో మోకాలి నొప్పికి ఏదో పూత మందు ఇచ్చాడు, అది పనిచేసింది. అంతే, ఆ రోజునుంచి అతను ‘డాక్టరు గారు’ అయిపోయాడు. గేటుకి ఏ రంగు వెయ్యాలో డాక్టరు గారే చెప్పాలి. కప్పు ఎక్కడ కారుతోందో డాక్టరు గారే చూడాలి. ఒకసారి మేస్త్రి నీళ్ల మోటారు విప్పి, మోచేతులదాకా గ్రీజు పూసుకుని బాగుచేస్తే, మామగారు చిన్నల్లుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, “కాస్త చూడు బాబూ, సరిగ్గా చేశాడంటావా?” అని అడిగాడు. మేస్త్రి ఆ ఇంటికి అల్లుడై పద్నాలుగేళ్లు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అతనికి అన్నం సహించదు.

పోనీ చిన్నల్లుడు పొగరుబోతైనా బాగుండేది, హాయిగా తిట్టుకోవచ్చు. అతను నెమ్మదస్తుడు. “అన్నయ్యా, అన్నయ్యా” అంటూ వెనకే తిరుగుతాడు. అది ఇంకా మంట.

ఇప్పుడూ అలాగే షెడ్డు దగ్గరికొచ్చి, “నాకేం తెలుసు మామయ్యగారూ, అన్నయ్య ఎలా చెబితే అలా” అన్నాడు. తర్వాత మేస్త్రి వైపు తిరిగి, “తుప్పు బోల్టుల్ని ఎలా ఊడదీస్తారన్నయ్యా?” అని అడిగాడు.

“తుప్పు వదిలే నూనె పట్టించాలి. ఓ వారం నానితే దారికొస్తాయి. లేకపోతే విరుగుతాయి.”

“రోజుకి ఎన్నిసార్లు?”

వెటకారం చేస్తున్నాడనుకున్నాడు మేస్త్రి. “రెండు పూటలా, ఐదేసి చుక్కలు, భోజనానికి ముందు!” అన్నాడు కసిగా. ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి పకపకా నవ్వారు. చిన్నల్లుడు మాత్రం తలూపాడు.

వచ్చే ఆదివారం చేద్దామని అనుకున్నారు. మేస్త్రి మధ్యలో ఓసారి వచ్చి తనే నూనె పట్టించి వెళ్లవలసింది. రాలేదు. వర్క్‌షాపులో పని ఎక్కువని పెళ్లాంతో అన్నాడు గానీ, అసలు కారణం అది కాదు. వారమంతా అతని బుర్రలో ఒకటే ఆలోచన తొలిచింది. మొదటి బోల్టు చిన్నల్లుడి చేత విప్పించాలి. చెయ్యి తిరగనివాడు తుప్పు బోల్టు మీద బలం చూపిస్తే పుటుక్కున విరుగుతుంది. మామగారు పక్కనే ఉంటాడు. డాక్టరు గారి పనితనం కళ్లారా చూస్తాడు. ఆ తర్వాత తను చొక్కా మడిచి, విరిగినదాన్ని బయటికి లాగి చూపిస్తాడు. పడుకున్నా లేచినా ఇదే. ఇంత చిన్న బుద్ధి తనకెలా పుట్టిందని ఒక్కోసారి సిగ్గేసేది. అయినా ఆలోచన వదల్లేదు.

ఆదివారం పొద్దున్నే పనిముట్ల పెట్టెతో వచ్చాడు. కారు ముందు చక్రాల్ని జాకీలతో ఎత్తి, కింద దిమ్మలు పెట్టాడు. మామగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

“తమ్ముడూ, నువ్వు దూరు కిందికి. మొదటిది నువ్వే తిప్పు, నేర్చుకుందువుగాని” అని స్పానరు చేతికిచ్చాడు మేస్త్రి. వాటి సంగతి తనకి తెలుసు కదా అని, ఒకసారి వంగి ఆ బోల్టుల వైపు చూడనైనా చూడలేదు.

చిన్నల్లుడు ఉతికిన బట్టలతోనే కారు కిందికి దూరాడు. కొంచెంసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత కిర్రుమని ఒక సన్నటి చప్పుడు.

“వచ్చేసిందన్నయ్యా.”

మేస్త్రి నమ్మలేకపోయాడు. “రెండోది కూడా చూడు” అన్నాడు ఎలాగో. రెండోదీ వచ్చింది. రెండు బోల్టులూ నేలమీద దొర్లుకుంటూ వచ్చి మామగారి చెప్పుల దగ్గర ఆగాయి.

మామగారు మురిసిపోయాడు. “చెయ్యి అలాంటిది మరి! కొందరి చేతికి ఇనుమైనా లొంగుతుంది.”

అరికాలి మంట నెత్తికెక్కింది మేస్త్రికి. “మూడోది వెనకుంది. అది నీవల్ల కాదు. నువ్వు అక్కడే పడుకుని టార్చి పట్టు” అన్నాడు. బానెట్ ఎత్తి, ఇంజనుకీ దాని వెనక రేకు గోడకీ మధ్య సందులోకి భుజందాకా చెయ్యి దూర్చాడు. స్పానరు బోల్టు తలకి తగిలించి, దానికి మూరెడు ఇనప గొట్టం తొడిగి, పళ్లు బిగించి లాగాడు. కదల్లేదు. మూడేళ్ల ఉక్రోషమంతా చేతిలోకి తెచ్చుకుని మళ్లీ లాగాడు.

ఠప్‌మంది. బోల్టు తల ఊడి కింద పడింది.

మామగారు కుర్చీలోంచి లేచాడు. “విరగ్గొట్టావా?”

మేస్త్రి జవాబు చెప్పేలోగా కారు కిందనుంచి గొంతు వినిపించింది. “తప్పు నాదే మామయ్యగారూ. ఆ మూడోదానికి నా చెయ్యి సరిగ్గా అందలేదు. నూనె పడి ఉండదు.”

“నూనేంటి?” అన్నాడు మేస్త్రి.

“నీకు తెలీదా?” అన్నాడు మామగారు. “వారంనుంచీ వస్తున్నాడయ్యా. పొద్దున షాపు తెరిచే ముందోసారి, సాయంత్రం మళ్లీ. సూది పీకేసిన సిరంజితో చుక్కలు వేసి పోతున్నాడు. రెండు పూటలా వెయ్యాలని నువ్వే చెప్పావటగా!”

తను కసిగా అన్న వెటకారం మేస్త్రికి గుర్తొచ్చింది. మామగారు విసుక్కుంటూ టీ కోసం లోపలికి వెళ్లాడు.

మిగిలినవాళ్లిద్దరూ గొట్టాన్ని కిందికి దించారు. తల లేని బోల్టు వేలెడంత బయటికి పొడుచుకుని ఉంది. మేస్త్రి కారు కింద పడుకుని, దాన్ని పట్టుకారుతో గట్టిగా పట్టి, మెల్లగా ఎడమవైపుకి తిప్పాడు. వెన్నలో పుల్లలా తిరిగింది. నాలుగు చుట్లకి చేతిలోకొచ్చింది. మరలన్నీ చివరిదాకా నూనెతో తడిసి నల్లగా మెరుస్తున్నాయి. నూనె పడకపోవడమేంటి, అన్నిటికంటే దీనికే ఎక్కువ పడింది.

మరి ఎందుకు విరిగింది?

అలా వెల్లకిలా పడుకునే, ఇందాక తను లాగినట్టు గాల్లో చెయ్యి తిప్పి చూసుకున్నాడు. కిందనుంచి తిప్పితే ఒకవైపు. పైనుంచి వంగి తిప్పితే అది తలకిందులవుతుంది. వర్క్‌షాపులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే తను చెప్పే పాఠం. అంటే ఊడదియ్యలేదు. బిగించాడు. విరిగేదాకా బిగించాడు.

పక్కన చిన్నల్లుడు ఇంకా టార్చి పట్టుకునే ఉన్నాడు.

“నేనెటు తిప్పానో నువ్వు చూశావు కదా?” అన్నాడు మేస్త్రి.

“నాకేం అర్థమవుతుందన్నయ్యా అవన్నీ.”

“చూశావా లేదా?”

చిన్నల్లుడు టార్చి ఆర్పాడు. “చూశాను. చెబుదామనుకునేలోపే అయిపోయింది.”

“మరి తప్పు నీ మీదేసుకోవడం దేనికి?”

“నా తప్పంటే ఆయన పట్టించుకోరు. ఈ పని తెలియనివాణ్ణని వదిలేస్తారు. మిమ్మల్నైతే పదేళ్లపాటు అంటూనే ఉంటారు.”

అది నిజమే. నిజం కాబట్టే మేస్త్రికి మరింత మండింది. ఇంతవరకూ మామగారి మెప్పు ఒక్కటే ఇతని దగ్గరుందనుకున్నాడు. మంచితనం కూడా ఇతనిదేనా? ఈ దాపరికం ఇలాగే ఉంచితే బతికినన్నాళ్లూ ఇతని దయ కింద బతకాలి. దానికంటే మామగారి నోట్లో పడటమే నయం.

కొత్త ప్యాకింగు పెట్టి, కొత్త బోల్టులు మూడూ బిగించాక మేస్త్రి చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లాడు. అందరూ టీ తాగుతున్నారు. నిలబడే చెప్పాడు.

“మామయ్యగారూ, ఆ బోల్టుకి నూనె బాగానే పడింది. నేనే తప్పువైపు తిప్పాను.”

మామగారు కప్పు దించాడు. “తప్పువైపా? నువ్వా?”

“నేనే.”

“ఇరవై రెండేళ్ల మేస్త్రివి!” అంటూ మామగారు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. అత్తగారు వీపు రాసింది. మరదలు నవ్వింది, కట్టుకున్నది కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చిన్నల్లుడు ఒక్కడే నవ్వలేదు. దగ్గు తగ్గాక మామగారు కళ్లు తుడుచుకుని, “ఎందుకయ్యా అంత కంగారు? నీ బుర్ర ఎక్కడుంది?” అన్నాడు.

వారంగా వేసిన పథకం సంగతి చెప్పబోయి మేస్త్రి మాట మార్చాడు. “ఏదో ఆలోచనలో ఉన్నాను” అన్నాడు.

కారు స్టార్టు చేశారు. గొంతు మెత్తబడింది. మామగారు ఒక చెవి పెట్టి విని, చాలాసేపు తలూపాడు. “బాగుంది” అన్నాడు. ఆ మాట ఎవరిని చూసి అన్నాడా అని మేస్త్రి వెతికాడు. ఆయన బానెట్‌ని చూస్తున్నాడు.

సాయంత్రం వెళ్లబోతూ మేస్త్రి గేటు దగ్గర ఆగాడు. చిన్నల్లుడు స్కూటరు తీస్తున్నాడు. బట్టలనిండా మడ్డి.

“వచ్చే ఆదివారం వెనక బ్రేకులు విప్పుదామనుకుంటున్నాను. పట్టీలు అరిగిపోయాయి. వస్తావా? ఈసారి సరిగ్గా నేర్పిస్తాను.”

చిన్నల్లుడి మొహం విప్పారింది. “తప్పకుండా అన్నయ్యా. ఒక్క నిమిషం, మామయ్యగారిని అడిగొస్తాను” అంటూ లోపలికి పరిగెత్తాడు. అడిగేంతలోనే లోపల్నుంచి మామగారి గొంతు ఖంగుమని వినిపించింది: “నువ్వుంటానంటే నాకు దిగులెందుకు డాక్టరు గారూ!”

మేస్త్రికి మళ్లీ పాత మంట రేగింది. గేటు పట్టుకుని నిలబడ్డాడు. వెళ్లిపోలేదు. చిన్నల్లుడు బయటికొచ్చేదాకా ఆగి, “ఆరింటికల్లా వచ్చెయ్యి. పాత బట్టలేసుకురా” అన్నాడు.