కిమ్చీ కత్తెర

కోచింగ్ సెంటర్ల పేట నోర్యాంగ్జిన్‌లో సర్కారు కొలువుల పరీక్షకు చదివేవాళ్లకు తిండివేళ కూడా చదువే. మ్యోంగ్-జు బృందంలోని నలుగురూ పొద్దున్నే అన్నం గిన్నెలు ముందేసుకుని, యాభై ఇంగ్లీషు మాటలకు అర్థాలు ఒకరికొకరు అప్పజెప్పాలి. ఎవరి ఊరేదో ఎవరూ అడగరు. అంత తీరిక ఎవరికుంది కనుక!

ముప్పై నాలుగేళ్ల మ్యోంగ్-జుకు ఇది ఐదో ప్రయత్నం. ఇదే ఆఖరని, పచ్చళ్ల దుకాణం నడిపే అమ్మకు మాటిచ్చింది. నాలుగుసార్లూ ఇంగ్లీషే ముంచింది. విచిత్రమేమంటే, పొద్దుటి అప్పజెప్పుళ్లలో ఎప్పుడూ యాభైకి యాభై ఆమెవే.

పరీక్ష ఇంకా నలభై రోజులుందనగా, అందరికంటే చిన్నదైన గ్యు-రిం పుస్తకంలోని వరస వదిలేసి మాటలు కలగలిపి అడిగింది. మ్యోంగ్-జు పంతొమ్మిదే చెప్పగలిగింది. 'మిటిగేట్' అనగానే ఎడమ పేజీ, దానిమీది కారం మరక కళ్లముందు కదిలాయి. అర్థం మాత్రం రాలేదు.

"ఏమనుకోకండక్కా. మీకు పేజీలొచ్చు, మాటలు రావు," అంది గ్యు-రిం.

మ్యోంగ్-జుకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న కాలేజీ దాటిన పిల్ల తనకు చెప్పొచ్చింది! అన్నం సగంలో వదిలేసి, మంచానికి తప్ప మనిషికి చోటులేని తన గదికొచ్చి పుస్తకం తెరిచింది. మరక కిందే ఉంది: తీవ్రత తగ్గించు. పిల్ల అన్నది నిజమే. ఇన్నేళ్లూ బట్టీపట్టింది మరకల్ని. ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చింది.

తరవాత, కిమ్చీ, అదే క్యాబేజీ పచ్చడి, కోసుకోమని అమ్మ ఇచ్చిన కత్తెర తీసింది. పేజీల నిండా ఐదేళ్ల పెన్సిలు గుర్తులు. ఒకసారి కోస్తే మళ్లీ అతకదు. గుండె రాయి చేసుకుని ఒక్కొక్క మాటనూ అర్థంతో సహా చీటీగా కత్తిరించి, ఖాళీ కిమ్చీ డబ్బాలో పోసి కుదిపింది.

మర్నాడు డబ్బా తెచ్చి గ్యు-రిం ముందు పెట్టింది.

"నీకు చేతికొచ్చింది తీసి అడుగు. తప్పితే మళ్లీ అందులోనే వెయ్యి."

గ్యు-రిం వాసనకు ముక్కు మూసుకుంది గానీ చీటీ తీసింది. ఆరోజు ఇరవై మూడు. వారానికి ముప్పై ఒకటి. సరిగ్గా చెప్పిన చీటీని కూడా మ్యోంగ్-జు పక్కన పెట్టనివ్వలేదు, మళ్లీ డబ్బాలో వేయించింది.

పరీక్ష హాల్లో మూడో ప్రశ్నలోనే 'మిటిగేట్' ఎదురైంది. పాత అలవాటు కొద్దీ మరక కోసం వెతుక్కుంది. ఏ పేజీ కనిపించలేదు. తీవ్రత తగ్గించు, అని అర్థమొక్కటే వచ్చి నిలబడింది. కిమ్చీ వాసన పోని వేళ్లతో జవాబు గుర్తుపెట్టి, మ్యోంగ్-జు నాలుగో ప్రశ్న చదవసాగింది.