బల్ల కాలి కింది వ్యాఖ్యానం

మా ఆయన పాస్టరు. ఆయన బైబిలు వ్యాఖ్యాన పుస్తకాలన్నిటికీ అట్టలు వేసే పని నాది. అన్నిటికీ ఒకటే గోధుమరంగు కాగితం, పైన పేరు కూడా రాయకూడదు. "పేర్లు చూసి వెతుక్కునేవాడు పాస్టరేంటే? చెయ్యి చాపితే రావాలి" అంటారు. వరసలో మూడోది, ఐదోది అని చోటును బట్టే తీస్తారు. ఆ పుస్తకాల అలమర దులిపి దులిపి నేను తుమ్మితే వీధి చివర కుక్కలు ఉలిక్కిపడి లేచేవి.

కొనేముందు ప్రతి పుస్తకానికీ ఆయన పెట్టే పరీక్ష ఒకటుంది. పుస్తకాలమ్మే ఆయన గుమ్మంలో సంచి దించగానే భార్యల సంగతి ఉన్న పేజీ తిప్పుతారు. లోబడమని గట్టిగా ఉంటే, "ఇది మన సిద్ధాంతానికి సరిపోతుంది." మెత్తగా ఉంటే తిరిగి సంచిలోకే. పక్కగదిలోంచి మా అత్తగారు, "కోడలికి వినపడేలా చదువు నాయనా!" అని అందించేవారు. ఒకసారి ఎవరో ఆవిడ లావుపాటి వ్యాఖ్యానం కానుకగా ఇస్తే, ఆ పేజీ చూసి మొహం మాడ్చుకుని, వంటింట్లో ఊగే బల్ల కాలి కిందికి తోసేశారు. ఊడ్చినప్పుడల్లా లాగి చదివేదాన్ని. బడి మొహం ఎరగనిదాన్ని, కూడబలుక్కుంటూ ఒక్కో పేజీకి ఒక్కో వానాకాలం పట్టేది.

మంగళవారం ఆడవాళ్ళ ప్రార్థన కూటం నాది. బైబిలు కథలు చెప్తాను. చేప మింగిన యోనా కథ నేను చెబితే చేప కంపుకి ముందు వరస ముక్కులు మూసుకునేది. మగవాళ్ళు కూడా కిటికీల దగ్గర మూగడం మొదలయ్యాక ఆయనకు గుచ్చుకుంది.

"ఈ ఆదివారంతో నీ కూటం బందు. ఆడది నోరు మూసుకోవాలని మూడో పుస్తకంలో ఉంది. ఆ పేజీలో చీటీ పెట్టు."

"అలాగేనండీ. అట్ట చిరిగింది, మార్చనా?"

"అదీ అడగాలా? నీ పనే అది."

నిజమే, నా పనే. బల్ల కింది పుస్తకం తీసి, తుడిచి, కొత్త అట్ట వేసి, మూడో చోట నిలబెట్టాను. చీటీ కూడా పెట్టాను, నాకు నచ్చిన పేజీలో.

ఆదివారం ఆయన చర్చిలో పల్పిట్ ఎక్కి ఉరిమారు. "ఇది నా మాట కాదు, పండితుల మాట! ఎదురు చెప్పడానికి లేదు!" చీటీ దగ్గర తెరిచి, గొంతెత్తి చదివారు. "ప్రభువు సమాధిలోంచి లేచాడన్న కబురు మొదట మోసుకెళ్ళింది స్త్రీ. ఆమె నోరు మూసుకుని ఉంటే, అయ్యా, ఈ రోజు నీకు ప్రకటించడానికి ఏమీ ఉండేది కాదు."

చదవడం అయ్యాక గబుక్కున పుస్తకం మూసి అట్ట వంక చూశారు. అప్పటికే ఆడవాళ్ళంతా "ఆమెన్" అన్నారు. పైకప్పు జానెడు లేచి మళ్ళీ కూర్చుంది. అందరికంటే గట్టిగా అన్నది మా అత్తగారు. కొడుకు ఏం చదివినా ఆమెన్ అనడం ఆవిడకు అలవాటు, పాపం.

ఇంటికొచ్చి ఆయన అలమరంతా కెలికారు. వంటింటి గుమ్మంలోకి వచ్చి అరిచారు.

"నా మూడో పుస్తకం ఏదే?"

నేను కూరలు తరుగుతున్నాను. బల్ల కదలడం లేదు.

"ఇక్కడే, నా కాళ్ళ దగ్గర ఉందండీ. ఎత్తు సరిగ్గా సరిపోయింది. కావాలంటే వంగి తీసుకోండి" అన్నాను, కాళ్ళు జరపకుండానే. "మంగళవారం చెప్పడానికి నాకూ ఓ కొత్త కథ కావాలి."