మూడు కథల గూడ్స్ షెడ్డు

మూతపడ్డ గూడ్స్ షెడ్డును గ్రంథాలయంగా మార్చే పని ఇంజనీరమ్మకు దక్కినప్పుడు ఆమెకంటే ఎక్కువ సంబరపడింది వాళ్ళ బాబాయి. వ్యాగన్లు రావడం మానేసేదాకా ఆయన అక్కడ హమాలీల మేస్త్రి. ఆ సంబరమే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

షెడ్డు చరిత్ర నాలుగు ముక్కలు గోడ మీద రాయిద్దామనుకున్న గ్రంథాలయ కమిటీవాళ్ళు ఎవరికివారు వెళ్ళి ఆయన్నే అడిగారు. సర్కస్ ఏనుగు ఇక్కడే దిగిందని ఆయన కమిటీ అధ్యక్షుడితో అన్నాడు. యుద్ధానికి ఫిరంగులు ఇక్కణ్ణుంచే వెళ్ళాయని డాక్టరమ్మతో, బంగారం పెట్టె మాయమైందని హెడ్మాస్టరుతో అన్నాడు. ఇంకేం, ముగ్గురూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నారు. తగువు తేలక పెయింటర్లు నిచ్చెనల కింద టీలు తాగుతూ కూర్చున్నారు.

ఇంజనీరమ్మ బాబాయిని తలుపు దగ్గరే పట్టుకుంది.

“నీకు దండం పెడతాను బాబాయ్! అసలిక్కడ ఏం జరిగింది?”

“ఏం జరుగుతుందే? సిమెంటు దించాం, ఉప్పు ఎక్కించాం. నడుములు పడిపోయాయి. అది చెబితే ఎవడు వింటాడు?”

“మరి ఏనుగు?”

“జంతువులేమైనా వచ్చేవా అని మీ అధ్యక్షుడే ఆశగా అడిగాడు. పెద్దమనిషి, లేదంటే ఏం బాగుంటుంది?”

ఆమె తల పట్టుకుంది. మర్నాడు ఎవర్నీ అడక్కుండా రాయించేసింది: “ఇక్కడ సిమెంటు దించారు, ఉప్పు ఎక్కించారు. మోసినవాళ్ళ నడుములు పడిపోయాయి.” పక్కవాళ్ళ కథ గెలవలేదు కదా అని కమిటీలో ముగ్గురూ ఊరుకున్నారు.

ప్రారంభోత్సవానికి పాత హమాలీలు ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. ఆ అక్షరాలను భార్యలకు చూపించుకున్నారు. ఒకాయన ఉప్పు అన్న మాట చదివి, తెలియకుండానే భుజం తడుముకున్నాడు. బాబాయి మాత్రం బయట మెట్టు మీద ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

“లోపలికి రావేం?” అంది ఇంజనీరమ్మ.

“చెప్పుకోడానికి నాకేం మిగిల్చావే? అంతా గోడెక్కించావుగా!”

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “నేను రాయించింది రెండు ముక్కలే బాబాయ్. బస్తా వీపుమీదికి ఎలా ఎక్కుతుంది, ఉప్పు భుజం మీది పుండును ఎలా మండిస్తుంది? లోపల పిల్లలు అడుగుతున్నారు. నేనేం చెప్పను?”

ఆయన తువ్వాలు దులుపుకుని లేచాడు. కాసేపటికే లోపలినుంచి కేక వినిపించింది: “నడుం వంచకూడదు, మోకాళ్ళు మడవాలి!”

“అలా కాదు మేస్త్రీ!” అన్నాడెవరో పాత హమాలీ. ఇంకో నలుగురు గొంతు కలిపారు.

అధ్యక్షుడు పరుగెత్తుకొచ్చాడు. “గ్రంథాలయంలో ఆ అరుపులేంటమ్మా?”

ఇంజనీరమ్మ ఖాళీ అయిన మెట్టు మీద చతికిలపడింది. “మీరే వెళ్ళి చెప్పండి సార్. నా వల్ల కాదు.”