చప్పుడు చేస్తేనే వినిపించింది

మైత్రి భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసింది. మరీ బలహీనమైన సంకేతానికి తగుమాత్రం రొద కలిపితే అది ఇంకా బాగా తెలుస్తుందని ఆమె లెక్కలు కట్టి చూపించింది. ఆ వ్యాసాన్ని లోకం మొత్తమ్మీద తొమ్మిదిమంది చదివారు. వాళ్లలో ఆమె భర్త నీరజ్ లేడు.

నీరజ్ అమెరికాలోని చాండ్లర్‌లో ఓ చిన్న కంపెనీలో ఇంజనీరు. భూమిలో నీళ్ల పైపులు ఎక్కడ కారుతున్నాయో విని చెప్పే పరికరం తయారు చేస్తున్నారు. టెస్ట్ గదిలో సన్నగా కారే పైపు పెట్టి చూస్తే, ఆ లీకు మాత్రం దానికి అందడం లేదు. గదిలో రొద వల్లేననుకుని యజమాని తేజేశ్వర్ ముందు ఫ్యాన్లు ఆపించాడు, తర్వాత ఫ్రిజ్ తీయించాడు, చివరికి అరిజోనా జూన్ ఎండల్లో ఏసీ కట్టేయించాడు.

ఆ మధ్యాహ్నం నీరజ్ మరిచిపోయిన లంచ్ బాక్స్ పట్టుకుని మైత్రి వెళ్లేసరికి, లోపల ఆరుగురు ఇంజనీర్లు ఆవిరి కుడుముల్లా ఉడుకుతున్నారు. ఒకాయన బూట్లు చప్పుడవుతాయని వట్టికాళ్లతో నిలబడ్డాడు.

"ష్! టెస్ట్ రన్ అవుతోంది," అన్నాడు నీరజ్ గుసగుసగా.

"ఏమైనా వినిపించిందా?"

"లేదు."

"వినిపించదు కూడా. మీ సెన్సర్‌కి ఒక గడప ఉంది కదా. లీక్ చప్పుడు ఆ గడప దాకా వచ్చి ఆగిపోతోంది. కొంచెం నాయిస్ యాడ్ చేస్తే ఎత్తి అవతల పడేస్తుంది."

తేజేశ్వర్ చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "మూడు నెలల్నుంచి నాయిస్ తీసేయలేక చస్తుంటే, యాడ్ చేయమంటారేంటి మేడమ్! థియరీ వేరు, ఫీల్డ్ వేరు."

మైత్రికి ఒళ్లు మండింది. సగం ఆ మాటకి, సగం ఉక్కకి. తిన్నగా వెళ్లి ఏసీ వేసేసింది. ఆ పాత ఏసీ గుర్రుమంది.

"అయ్యో, టెస్ట్!" అంటూ తేజేశ్వర్ స్విచ్ వైపు పరుగెత్తాడు. వట్టికాళ్లాయన అడ్డంపడ్డాడు. "వన్ మినిట్ సార్, ప్లీజ్. ప్రాణం లేచొస్తోంది."

ఆ నిమిషంలోనే పరికరం తెర మీద గీత లేచింది. నీరజ్ గబుక్కున పైపు కట్టేశాడు, గీత పడిపోయింది. విప్పాడు, మళ్లీ లేచింది. ఉత్సాహం ఆగక తేజేశ్వర్ ఏసీ ఇంకా పెంచాడు. తెరంతా పిచ్చిగీతలైపోయింది.

"ఎక్కువైతే మునిగిపోతుందండీ," అంది మైత్రి. "ఎంత కావాలో లెక్కుంది." ఓ అట్టముక్క తీసుకుని సమీకరణం రాసిచ్చింది.

శీతాకాలానికల్లా, కడుపులో సన్నగా రొదపెట్టే చిన్న బిళ్లతో ఆ పరికరం వీధుల్లోకి వెళ్లింది. మొదటి వారమే ఓ పార్కు గడ్డి కింద లీకు పట్టింది. తేజేశ్వర్ స్వయంగా ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ దగ్గర ఇంకేమైనా పేపర్లున్నాయా?"

"ఒకటుంది. పది డైమెన్షన్లలో బుడగల గురించి."

"అది దేనికి పనికొస్తుందండీ?"

"ఇప్పటికైతే దేనికీ పనికిరాదు."



"సరే, పంపండి. ఎందుకైనా మంచిది."