తమ్ముడి జలపాతం, నా బుగ్గ

నాన్న పోయాక పొలం పంచుకున్నప్పుడు ముందుగా కోరుకునే హక్కు పెద్దవాడిగా నాది. రోడ్డు పక్క కొట్టూ, దాని వెనక వేడినీటి బుగ్గా తీసుకున్నాను. తమ్ముడు కేతిల్‌కి గొర్రెల కొట్టమూ, జలపాతమూ మిగిలాయి. అటువైపు అంతా లావా రాయి, గొర్రెకి సరిపడా గడ్డి కూడా మొలవదు. ఆ రోజు నేనే గెలిచాననుకున్నాను.

రాజధాని రేక్యవిక్ నుంచి పర్యాటకుల బస్సులు రావడం మొదలయ్యాక లెక్క తారుమారైంది. నా బుగ్గ దానికి బుద్ధి పుట్టినప్పుడే నీళ్ళు పైకి ఎగజిమ్ముతుంది. ఒక్కోసారి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఉలకదు, పలకదు. జలపాతానికి ఆ బాధ లేదు. ఎప్పుడు వెళ్ళినా పడుతూనే ఉంటుంది. నీటి తెర వెనకకి నడిచి వెళ్ళి ఫొటో దిగవచ్చు. ఎండ కాస్తే ఇంద్రధనుస్సు ఉచితం. కొట్టు కిటికీలోంచి చూస్తే ప్రతి కారూ కంకర రోడ్డు మీద తమ్ముడి వైపే తిరిగేది. నా నోటి దగ్గరి ముద్ద లాక్కుపోతున్నట్టు ఉండేది.

"అలా చూసి చూసి కిటికీ అద్దం అరగ్గొడతావు ఈవార్," అనేది నా భార్య స్వాన్‌డిస్.

"చూడట్లేదు. లెక్కపెడుతున్నా."

"ఏడుపుకి కొత్త పేరా అది?"

నాన్న కాలంలో ఊరికి పెద్దమనుషులు వస్తే బుగ్గలో సబ్బు వేసి లేపేవారు. సబ్బు పడితే అది ఎగజిమ్మకుండా ఉండలేదు. ఆ వేసవిలో ఒక పీపా మెత్తసబ్బు తెప్పించాను. బస్సు ఆగగానే ఒక డబ్బా ఒంపేవాణ్ణి. బుగ్గ గుడగుడలాడి, ఉబ్బి, కొట్టు కప్పుని దాటి లేచేది. జనం చప్పట్లు కొట్టి బస్సెక్కేవారు. బస్సులు ముందు నా దగ్గరే ఆగసాగాయి. కిటికీ దగ్గర నిలబడటానికి ఇప్పుడు నాకూ సరదాగా ఉండేది.

అయితే సాయంత్రం స్వాన్‌డిస్ గంప చూస్తే రొట్టె అలాగే ఉండేది. రై అనే ధాన్యపు పిండి డబ్బాలో పెట్టి బుగ్గ పక్కన వేడి మట్టిలో పాతితే మర్నాటికి నల్లగా, తియ్యగా ఉడికే రొట్టె అది. బస్సులు పెరిగాయి, అమ్మకం పడిపోయింది. కేతిల్ జలపాతం దగ్గర చవగ్గా రొట్టె పెట్టాడన్న అనుమానంతో మండిపోతూ వెళ్ళాను.

వాడు తడిసిన బల్ల వెనక ఒంటరిగా కూర్చున్నాడు. ముందు ఉన్ని చేతితొడుగుల గుట్ట.

"రొట్టె ఎంతకి ఇస్తున్నావురా?"

"రొట్టా? ఎవడికి అన్నా? ఇక్కడ ఎవరైనా నిలబడితే కదా! తడుస్తారు, ఫొటో దిగుతారు, వణుక్కుంటూ పారిపోతారు. ఈ తొడుగులు చూడు, పోయినేటివి."

"మరి ఇన్ని కార్లు వస్తున్నాయిగా?"

"వాటిని నాకమంటావా? నీకేం, నీ బుగ్గ జనాన్ని కూర్చోబెడుతుంది. కూర్చున్నవాడికి ఆకలేస్తుంది. నువ్వు దాన్ని కోరుకున్న రోజు నుంచీ నాకు కడుపుమంటే."

చాలాకాలం తర్వాత ఆ పూట నాకు తిండి బాగా సయించింది. సబ్బు సంగతి మాత్రం వాడికి చెప్పలేదు.

మర్నాడు సబ్బు పీపా ముట్టుకోలేదు. బస్సు దిగినవాళ్ళు బుగ్గ చుట్టూ కూర్చున్నారు. గాలి లేచింది.

"ఎప్పుడు లేస్తుంది?" అని ఒకావిడ అడిగింది.

"అది ఎవరికీ చెప్పదమ్మా. ఈలోగా వేడి రొట్టె, వెన్న."

బుగ్గ లేచేసరికి గంప ఖాళీ.

ఇదీ నాకు తేలిన లెక్క. మట్టిలో రొట్టె గుంతలు రెట్టింపయ్యాయి. చలిలో కాచుక్కూర్చునేవాళ్ళకి కేతిల్ చేతితొడుగులు నా కొట్లోనే అమ్ముతున్నాను, చెరి సగం. మిగిలిన సబ్బుతో స్వాన్‌డిస్ నేల కడుగుతోంది. నష్టం ఒక్కటే. ఎండ కాసినప్పుడు రొట్టె నములుతున్న జనమంతా ఒక్కసారిగా తల తిప్పి తమ్ముడి ఇంద్రధనుస్సు వైపు చూస్తారు. దాన్ని మాత్రం నా ఖాతాలోకి తెచ్చుకోలేకపోయాను.