వాలు సరిచేశాక

ఎర్ర స్పోర్ట్స్ కారు వెళ్ళి పావుగంట దాటింది. గజేందర్ తన టాక్సీని ర్యాంపు మీదికి ఎక్కిస్తుండగా, పక్కన నిలబడ్డ టైర్ల షాపు మెకానిక్ లింగమూర్తికి చప్పున తన తప్పు గుర్తొచ్చింది.

పొద్దున ఆ కారు నాలుగు చక్రాలకూ సెన్సార్లు పెట్టి, అవి నడిచే దిక్కు సరిచేశాడు. కంప్యూటరులో అంకెలన్నీ పచ్చగా వచ్చాయి. కాగితం తీసి కారు యజమాని భానుప్రకాశ్ చేతికిచ్చాడు. అప్పుడు భానుప్రకాశ్ వంగి చూసి, "అన్నా, ఎనక టైర్లు లోపలికి ఒరిగినయ్. లోపలి అంచు అరుగుతుంది. జర నిలబెట్టరాదు?" అన్నాడు. లింగమూర్తి మళ్ళీ కిందికి దిగాడు. బోల్టులు వదులుచేసి, చక్రానికి మట్టం పెట్టి చూసుకుంటూ వాలు తగ్గించి బిగించాడు. సెన్సార్లు అప్పటికే తీసేశాడు.

వాలు మారితే చక్రం నడిచే దిక్కూ మారుతుంది. అందుకే వాలు ముందు, దిక్కు తరువాత. కానీ సిద్దిపేటలో తిరిగే కార్లలో చాలావాటికి వెనక చక్రాలను కదిపే వీలే ఉండదు. అలవాటు పడ్డ చెయ్యి బిగించడంతోనే ఆగిపోయింది. అంకెలు చూసేది తమ్ముడు సతీశ్. సతీశ్ పోయి నాలుగు నెలలు.

వెనక చక్రాలు చెరో దిక్కుకు లాగుతుంటే నెమ్మదిగా పోయేటప్పుడు తెలియదు. వేగంలో, మలుపులో బ్రేకు వేస్తే కారు వెనక భాగం జారిపోతుంది. భానుప్రకాశ్ పక్కన వాళ్ళ నాయనమ్మ అంజవ్వ ఉంది. కళ్ళు చూపించడానికి హైదరాబాదు తీసుకుపోతున్నాడు.

ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు.

"ఏంది లింగన్నా, వదిన ఎత్తుతలేదా?" అని నవ్వాడు గజేందర్.

మూడోసారి అంజవ్వ ఎత్తింది. "ఎవలు?"

"టైర్లు చూసిన లింగమూర్తిని, అవ్వా. నీ మనుమడు ఎంత స్పీడున్నడు?"

"నాకేమెరుక బిడ్డా. గీ కార్ల కూసుంటే గుంతల కూసున్నట్టే ఉంది. చెట్లు మాత్రం ఉరుకుతున్నయ్."

"మెల్లగ పొమ్మను. బ్రేకు గట్టిగ కొట్టద్దను."

పక్క నుంచి భానుప్రకాశ్ నవ్వుతూ అనడం వినిపించింది. "అంత ఓకే అని కాగితం నువ్వే ఇస్తివి గదనే!"

గజేందర్ వింటున్నాడు. పదేళ్ళుగా ఇంకో షాపు తొక్కని మనిషి. లింగమూర్తి అతని వైపు చూడకుండా గట్టిగా అన్నాడు. "కాగితం తీసినంక చక్రాలు కదిలించిన. మళ్ళ చూడలే. తప్పు నాదే భానూ. మెల్లగ పక్కకు తీసి ఆపు."

అవతల భానుప్రకాశ్ నవ్వు ఆగింది. "ఎనక ఊగుతుంటే రోడ్డే గట్లుందనుకున్న..."

పెద్ద హారన్ మోగింది. ఫోను తెగిపోయింది.

మళ్ళీ చేస్తే మోగుతూనే ఉంది. గజేందర్ టాక్సీ దించి, తలుపు తెరిచి, "ఎక్కు" అన్నాడు.

దారిలో దూరంగా ఎర్రగా ఏది కనిపించినా లింగమూర్తి ముందుకు వంగాడు. ఒకచోట లారీ. ఒకచోట ఎవరిదో చీర. దుద్దెడ ఊరు దాటాక రోడ్డు పక్కన ఆ కారు నిలబడి ఉంది. గీత కూడా పడలేదు. భానుప్రకాశ్ బయట నిలబడి ఉన్నాడు, మొహం పాలిపోయింది.

"మెల్లగ చేస్తె ఎనక లారోడు హారన్ కొట్టిండన్నా. అవ్వ బెదిరి ఫోను కింద పడేసింది."

"కారు ఎక్కించుకపోను ట్రాలీ పిలుస్త. ఇగ నడపకు."

అంజవ్వ ఆ సీట్లోంచి లేవలేకపోతోంది. లింగమూర్తి చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుని, లేవకుండా ఒక్క క్షణం ఆగింది.

"వణికేది ఎవల చెయ్యి బిడ్డా, నీదా నాదా?"

"నాదే, అవ్వా."