ఎవరిచ్చిన మాట

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెది చెకింగ్ పని. కుట్టు కాస్త వంకరపోయినా, కాజా దగ్గర దారం లేచినా ఆ చొక్కా ఆమె చెయ్యి దాటేది కాదు. అందుకే అక్కడివాళ్ళు ఆమెను చెకింగక్క అనేవారు. "మా ఆవిడ నా నవ్వును కూడా తిరగేసి చూస్తుంది, లోపలి కుట్టు ఎలా ఉందోనని" అని భర్త ఆటపట్టించేవాడు.

అలాంటి మనిషికి సొంత తోడికోడలి మీదే అనుమానం పుట్టింది.

శనివారం మధ్యాహ్నాలు చర్చిలో స్త్రీల కూడిక జరిగేది. పాస్టరమ్మగారు పరిశుద్ధాత్మ ఇచ్చే వరాల గురించి పాఠాలు మొదలుపెట్టారు. "దేవుడు మనలో ఎవరినీ ఒట్టి చేతులతో పంపలేదమ్మా. ఎవరికేమిచ్చాడో వెతుక్కోండి" అన్నారు. ఒకామెకు పాట దొరికింది, ఒకామెకు రోగులను పలకరించే ఓర్పు దొరికింది. చెకింగక్కకు మాత్రం ఏమీ దొరకలేదు.

అదుగో, అప్పుడే ఆమె తోడికోడలు, ఆ ఇంటి చిన్నకోడలు, నోరు విప్పింది. నలుగురిలో పేరు చెప్పమంటేనే తలవంచుకునే పిల్ల, ప్రార్థన మధ్యలో పూలకొట్టామె చెయ్యి పట్టుకుని, "మీ అమ్మాయి ఇవాళ ఫోన్ చేస్తుంది" అంది. తల్లితో మాటలు మానేసిన ఆ కూతురు, నిజంగానే దీపాలు పెట్టే వేళకు ఫోన్ చేసింది.

ఇక చూడాలి! చిన్నకోడలికి ముందు వరసలో కుర్చీ వేశారు. ప్రతివారం ఆమె కళ్ళు మూసుకుని ఒకామె అల్లుడి తాగుడు గురించీ, ఇంకొకామె కోడలి గర్భం గురించీ చెప్పేది. మనసు విప్పి చదివినట్టు చెప్పిందని అందరూ కన్నీళ్ళు పెట్టుకునేవారు. చెకింగక్కకు మాత్రం ఎక్కడో దారం లేచినట్టనిపించేది. 'నాకు దొరకనిది దానికి దొరికిందని కుళ్ళుకుంటున్నానా?' అని తనను తాను తిట్టుకునేది.

ఒక శనివారం ఆమె ముందుగా వెళ్ళి, పసిపిల్లలను పడుకోబెట్టే గదిలోకి తొంగిచూసింది. కూడిక మొదలయ్యేదాకా ఆ పిల్లలను చూసుకునేది చిన్నకోడలే. గోడ వైపు తల వాల్చి, ఒక పాపను జోకొడుతోంది. గోడ అంటే పేరుకే, పలచటి చెక్క. అవతల, ఆడవాళ్ళు కష్టాలు చెప్పుకునే పాస్టరమ్మగారి గది. అక్కడ, కూడికకు వచ్చే టైలరమ్మ ఏడుస్తూ, "రక్తపోటు మాత్రలు మింగలేకపోతున్నానమ్మా, జీవితాంతం ఇవేనా?" అంటున్న మాట చెవిలో చెప్పినంత స్పష్టంగా వినిపించింది.

చెకింగక్క చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసింది.

ఆ రోజు ప్రార్థనలో చిన్నకోడలు టైలరమ్మ ముందు నిలబడింది. "మీ రక్తం గురించి దిగులుపడుతున్నారు. దేవుడు ముట్టి బాగుచేశాడు. ఇక మాత్రలతో పనిలేదు."

హాలంతా స్తోత్రాలతో మోగిపోయింది. చెకింగక్క లేవబోయి ఆగిపోయింది. ఇప్పుడు నోరు విప్పితే తోడికోడలి మీద అక్కసు అనరూ?

ఆ తడబాటుకు శిక్ష, మాత్రలు మానేసిన టైలరమ్మకు పడింది. వారం తిరక్కుండానే మిషన్ మీదే కూలబడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కబురు వచ్చేసరికి తోడికోడళ్ళిద్దరూ వంటింట్లో ఉన్నారు. చిన్నకోడలి చేతిలో గిన్నె జారిపోయింది.

"చెక్క అవతలి మాటలు విని చెప్తున్నావు కదూ?" అంది చెకింగక్క.

చిన్నకోడలు కాదనలేదు. "పూలకొట్టామెది వినలేదక్కా, ఒట్టు. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. మళ్ళీ శనివారం అందరూ నా మొహంలోకే చూశారు. ఏమీ రాలేదని ఎలా చెప్పను? పుట్టి బుద్ధెరిగాక నన్ను అలా చూసినవాళ్ళెవరు?"

"మరి మాత్రలు మానెయ్యమని? అది టైలరమ్మ అనలేదే!"

"అది నాకే తట్టింది. దేవుడే అన్నాడనుకున్నాను." ఆమె చెంగుతో నోరు మూసుకుంది. "ఇప్పుడు తెలియట్లేదక్కా. ఏది ఎవరి మాటో తెలియట్లేదు."

చెకింగక్క చెయ్యి తుడుచుకుంది. "నేనూ ఆ రోజే విన్నాను. నలుగురూ ఏమంటారోనని నోరు కుట్టేసుకున్నాను. పద."

ఆసుపత్రిలో టైలరమ్మకు మూతి కొద్దిగా వంకరపోయింది గానీ ప్రాణభయం లేదన్నారు. చిన్నకోడలు మంచం పక్కన మోకరించి ఉన్నదున్నట్టు చెప్పింది. టైలరమ్మ మాత్రల పొట్లం ఆమె చేతిలో పెట్టింది. "రేపట్నుంచి నువ్వే వచ్చి మాత్రలు వెయ్యి. చూస్తాను" అంది.

మరుసటి కూడికలో చిన్నకోడలు అందరి ముందూ తప్పు ఒప్పుకుంది. కొందరు లేచి వెళ్ళిపోయారు. పూలకొట్టామె మాత్రం వచ్చి కావలించుకుంది.

తరవాత పాస్టరమ్మగారు చెకింగక్కను పక్కకు పిలిచారు. "ఏది నిజమో ఏది కాదో పసిగట్టడం కూడా వరమేనమ్మా. నీకిచ్చింది అదే."

ఆ మాట తియ్యగానే ఉంది. తియ్యగా ఉన్నందుకే చెకింగక్కకు నమ్మబుద్ధి కాలేదు.

"ఆ చెక్క దగ్గర నిలబడి విన్నప్పుడు నాకు లోపల సంతోషం వేసిందండీ" అంది. "దొరికిపోయిందిలే అనుకున్నాను. వరమైతే అలా సంతోషం వేస్తుందా?"

పాస్టరమ్మగారు "అయితే ముందు ఆ సంతోషం గురించే ప్రార్థన చేద్దాం" అని కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.